అవతలి బెంచీ

పలాసలో తల్లి పెద్దకర్మ ముగించుకుని జంషెడ్‌పూర్ తిరిగొచ్చి, టాటానగర్‌లో రైలు దిగిన రోజునే పద్మకుమారి కళాశాలకు బయల్దేరింది. కాసేపు నడుం వాల్చమని భర్త భీమారావు చెప్పినా వినలేదు.

"ఇన్నాళ్ళు ప్రాక్టీసు లేదు. పిల్లల కాళ్ళు బిగుసుకుపోయుంటాయి" అని, ఇంటి దగ్గర పర్సుడీహ్ మలుపులో ఆటో పట్టుకుని సాక్చి వెళ్ళిపోయింది.

సాక్చి బజారుకు కాస్త ఎడంగా ఉన్న ఆ మహిళా కళాశాలలో ఆమె ఇరవై ఏళ్ళకు పైగా బాస్కెట్‌బాల్ కోచ్. అక్కడ సిమెంటు కోర్టు వేయించింది ఆమే. వర్షాకాలంలో దాని మీద పాచి పట్టకుండా సున్నం చల్లి గీకించేదీ ఆమే. ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళయి పిల్లలున్న ఎంతోమంది ఆడవాళ్ళు ఇప్పటికీ ఆమె ఎదురైతే తెలియకుండానే నిటారుగా నిలబడతారు.

ఆ సాయంత్రం కోర్టు దగ్గరికి వెళ్ళేసరికి ప్రాక్టీసు జరుగుతోంది. పిల్లలు కొత్త జెర్సీలు వేసుకుని ఒక కుర్రవాడి చుట్టూ అర్ధచంద్రంగా కూర్చున్నారు. అతని చేతిలో ట్యాబ్లెట్ ఉంది, మెడలో విజిల్ ఉంది. పద్మకుమారిని చూడగానే పిల్లలందరూ తలలు దించుకున్నారు. కెప్టెన్ బిందుప్రియ ఒక్కతే లేచి నిలబడింది.

కుర్రవాడు గబగబా దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు. "మేడమ్, నా పేరు అనురాగ్. మీకు... ఆఫీసు వాళ్ళు చెప్పలేదా?"

"ఏటి చెప్పాల?" అంది పద్మకుమారి.

అతను ఆఫీసు వైపు చూశాడు.

కళాశాల పాలకవర్గానికి నారాయణమూర్తి కార్యదర్శి. పెద్ద పరిశ్రమలో జనరల్ మేనేజరుగా చేసి రిటైరైనవాడు, మాట మెత్తగా మాట్లాడేవాడు. ఆమె లోపలికి రాగానే కుర్చీలోంచి సగం లేచాడు.

"రండి పద్మగారూ, కూర్చోండి. మీ అమ్మగారి సంగతి విన్నాను. చాలా బాధ కలిగింది."

"నాను ఊళ్ళో లేనప్పుడు నన్ను తీసీసినారా?"

"తీసెయ్యడం అనుకోకండి. కమిటీ అంతా కలిసి తీసుకున్న నిర్ణయం. ఆట ఇప్పుడు చాలా మారిపోయిందమ్మా. అనురాగ్ బెంగళూరులో ట్రైనింగ్ అయి వచ్చాడు. మీరు ఇన్నేళ్ళు కష్టపడ్డారు, ఇక విశ్రాంతి తీసుకోండి." ఆయన సొరుగులోంచి ఒక శాలువా తీసి బల్ల మీద పెట్టాడు. "వార్షికోత్సవంలో ఘనంగా సన్మానం చేద్దామనుకుంటున్నాం. ఇది ముందుగా..."

అనురాగ్ ఆయన భార్య శాంతకు తమ్ముడి కొడుకని ఆమెకు అప్పటికి తెలియదు. తెలిసినా అంతగా పట్టించుకునేది కాదేమో. ఆమెకు గుర్తొచ్చింది వేరే సంగతి. కిందటేడు ఫైనల్లో ఆట నడుస్తుండగా నారాయణమూర్తి ఎవరో పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని బూట్లతో కోర్టుకు అడ్డంగా నడిచాడు. ఆమె విజిల్ ఊది, "సార్, బైటికెల్లండి" అని గట్టిగా అరిచింది. మెట్ల మీద కూర్చున్న జనమంతా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసినప్పుడే ఇది ఇక్కడితో పోయేది కాదనిపించింది ఆమెకు. ఇప్పుడు ఆయన కళ్ళలోకి చూస్తే, ఆయనకూ అదే గుర్తున్నట్టు తెలిసిపోయింది.

శాలువాను మడత విప్పకుండా ఆయన వైపు జరిపింది.

"సలికాలం వత్తాది కదా. మీరే కప్పుకోండి."

బయటికొచ్చి గేటు దాటేవరకు ఆమె తల దించలేదు. ఆటోలో కూర్చున్నాకే ఏడ్చింది. తల్లి పోయినప్పుడు కూడా ఆమె అంత ఏడవలేదు.

రెండు రోజులకు పిల్లలంతా పర్సుడీహ్ ఇంటికొచ్చారు. ఇరుకు గదిలో ఒకరి మీద ఒకరు పడ్డట్టు కూర్చున్నారు. బిందుప్రియ అందరి తరఫునా మాట్లాడింది. ఆమెది సోంపేట నుంచి వచ్చిన కుటుంబం. తెలుగు మొదలుపెడితే మధ్యలో హిందీలోకి జారిపోతుంది.

"మేడమ్, మేం ఆడం. హమ్ సబ్ నే సోచ్ లియా, అందరం అనుకున్నాం. మీరు లేకపోతే టీమే లేదు. రేపటి నుంచి ఎవరూ కోర్టుకి వెళ్ళరు."

పక్కనే ఉన్న స్మిత కళ్ళు తుడుచుకుంటూ తలూపింది. భీమారావు ఆ పిల్లలకు టీ పోస్తూ భార్య వైపు సంతోషంగా చూశాడు. ఆ మాటతో ఆమె మనసు చల్లబడుతుందనుకున్నాడు.

పద్మకుమారి ఆలోచన వేరేగా ఉంది. పిల్లలు ఆడటం మానేస్తే నారాయణమూర్తికి పోయేదేముంది? పిల్లలు మొండికేశారు, ముసలి కోచ్ రెచ్చగొట్టింది అని నలుగురికీ చెప్పుకుంటాడు. ఓడిపోవాలంటే ఆయన దగ్గర ఒక జట్టు ఉండాలి. మంచి జట్టే ఉండాలి. గెలుస్తామని ఆశపడి, పెద్దవాళ్ళను పిలుచుకుని, ముందు వరసలో కూర్చున్నాక అందరి ముందూ ఓడిపోవాలి.

"తప్పు" అంది చివరికి. "ఆట ఎవుళి కోసమూ మానకూడదు. ఆ కొత్త సారు సెప్పినట్టు ఆడండి. బాగా ఆడండి. ఫైనల్‌కి రావాల మీరు."

బిందుప్రియ ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టింది. తనను తీసేసిన కళాశాల కోసం కూడా ఆలోచించే మనిషి ఉంటుందా అన్నట్టు ఆ పిల్ల కళ్ళు నిండిపోయాయి. పద్మకుమారి ఆమె తల మీద చెయ్యి వేసింది గాని మొహంలోకి చూడలేదు.

ఆ వారంలోనే ఆమె ఖర్కాయి నది దాటి ఆదిత్యపూర్ వెళ్ళింది. అక్కడ చిన్న చిన్న వర్కుషాపుల వెనకాల ఒక కొత్త కళాశాల ఉంది. కోర్టు ఉంది గాని రింగులకు వలల్లేవు. జట్టు పేరుకే. ఎప్పుడూ మొదటి రౌండులోనే ఇంటికి పోయేది. కోచ్‌గా చేస్తానని ఆమె అడిగితే ప్రిన్సిపాల్ మొదట నమ్మలేదు.

పిల్లల్ని చూశాక ఆమెకు ఆశ పుట్టింది. కెప్టెన్ తనూజ తండ్రి లేత్ మిషను మీద పనిచేస్తాడు. వాళ్ళది బరంపురం వైపు తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బయట హిందీ. ఆ పిల్లకు ఆట సరిగ్గా రాదు గాని ఊపిరి బలం ఎక్కువ, పడితే లేస్తుంది, ఫౌలు చేస్తే తిరిగి చేస్తుంది. మిగతావాళ్ళూ అలాంటివాళ్ళే. బంతిని అందంగా ఆడించడం వీళ్ళకు నేర్పే వ్యవధి లేదు. అవతలివాళ్ళను ఆడనివ్వకుండా చేయడం నేర్పొచ్చు.

వాళ్ళకు నేర్పడానికి ఆమె దగ్గర ఇంకొకటి ఉంది. అదే అసలైనది.

జంషెడ్‌పూర్‌లో ఎక్కువ జట్లు హిందీ, బెంగాలీ మాట్లాడతాయి. అందుకని చాలా ఏళ్ళ కిందట పద్మకుమారి తన జట్టు ఎత్తులకు వంటింటి మాటలు పెట్టింది. 'చారు' అంటే ఎడమవైపు నుంచి దూసుకెళ్ళడం. 'ఇంగువ' అంటే బంతి రింగు కింద నిలబడ్డ పొడుగు పిల్లకు ఎత్తి వెయ్యడం. 'పెసరట్టు' అంటే అటు వెళ్తున్నట్టు నటించి ఇటు తిప్పడం. తెలుగు రాని పిల్లలు కూడా వాటిని నేర్చుకున్నారు. ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు, అక్క నుంచి చెల్లికి అన్నట్టు ఆ మాటలు దిగివచ్చాయి. పిల్లలు వాటిని బయట ఎవరి ముందూ అనేవాళ్ళు కాదు. అవి వాళ్ళ సొంతం.

అనురాగ్ వాటిని తీసేసి ఇంగ్లీషు అంకెలు పెట్టాడని ఆమె విన్నది. అది తెలివైన పనే. తను అతని స్థానంలో ఉన్నా అదే చేసేది.

"మాటలు తీసీసి అంకెలు పెట్టీసినారు కదా మేడమ్, మరి మనకేటి లాభం?" అని తనూజ అడిగింది.

"బయమేసినప్పుడు కొత్త అంకెలు గుర్తుకురావు" అంది పద్మకుమారి. "పాత మాటే వత్తాది నోటికి. ఆలకి బయం పుట్టించడమే మన పని. ఆ తర్వాత నీ చెవులు పని చేత్తే చాలు."

ఆ చలికాలమంతా ఆమె వాళ్ళను అలా తోమింది. బంతి ఉన్న పిల్ల మీదికి ఇద్దరేసి పడటం, ఊపిరి తీసుకోనివ్వకపోవడం, ఒక్కొక్క మాట వినగానే ఎటు కదలాలో కాళ్ళకు అలవాటు చేయడం. ఇంటికొచ్చి కాళ్ళకు ఆముదం రాసుకుంటుంటే భీమారావు ఉండబట్టలేక అన్నాడు.

"ఆ మూర్తి మీద కోపం నిజమే. కానీ అక్కడ ఆడేది నీ పిల్లలు గదే."

"నా పిల్లలైతే నన్ను తీసేసిన రోజు అక్కడ కూకోరు."

"ఆళ్ళొచ్చి ఇక ఆడబోమన్నారు గదా. నువ్వే ఆడమన్నావు."

ఆమె ఆముదం గిన్నె పక్కకు పెట్టి దీపం తీసేసింది.

అనురాగ్ ఒకసారి ఫోన్ చేశాడు. స్మితకు చీలమండ బెణికింది, ఇదివరకు ఎప్పుడైనా అయిందా, ఏ కట్టు కట్టేవారు అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఇదివరకు రెండుసార్లు అయింది. ఏ కట్టు కట్టాలో పద్మకుమారికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. "నాకు గుర్తు లేదు" అని ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక కాసేపు ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. అతను మళ్ళీ చెయ్యలేదు.

అంతర్ కళాశాలల పోటీలో రెండు జట్లూ ఆమె అనుకున్నట్టే ఫైనల్‌కు వచ్చాయి. ఆదిత్యపూర్ అంత దూరం రావడమే వింత. ఫైనల్ సాక్చి కళాశాల కోర్టులోనే. నారాయణమూర్తి ముందు వరసలో సోఫాలు వేయించాడు. కమిటీ అధ్యక్షుడు వచ్చాడు, శాంత పట్టుచీరలో వచ్చింది, పాత విద్యార్థినులు చాలామంది వచ్చారు. వాళ్ళలో కొందరికి ఏ జట్టుకు చప్పట్లు కొట్టాలో తెలియలేదు.

పద్మకుమారి అవతలి బెంచీ మీద కూర్చుంది. ఆ కోర్టును ఆ వైపు నుంచి ఆమె ఎప్పుడూ చూడలేదు.

మొదటి సగం అనురాగ్ జట్టుదే. అంకెల ఎత్తులు గడియారంలా సాగాయి. బిందుప్రియ వేలు చూపి "టూ" అంటే అయిదుగురూ ఒకేసారి కదిలేవాళ్ళు. విరామంలో నారాయణమూర్తి లేచి వెనక్కు తిరిగి అందరి వైపూ చూశాడు. ఆ చూపు పద్మకుమారి దాకా వచ్చి ఆగింది. ఆయన మర్యాదగా తల పంకించాడు.

"ఇప్పుడు పట్టండి" అంది ఆమె తనూజతో.

రెండో సగం మొదలవగానే ఆదిత్యపూర్ పిల్లలు కోర్టు పొడుగునా మీద పడిపోయారు. బిందుప్రియ చేతిలోకి బంతి వచ్చేసరికి ఇద్దరు ఆమెకు అడ్డంగా ఉండేవాళ్ళు. ఆమె "ఫోర్" అని అరిస్తే తన జట్టులోనే ఒకరు ఎడమకు పోయారు, ఒకరు కుడికి పోయారు. బంతి పోయింది. మళ్ళీ పోయింది. స్మిత కాలు జాగ్రత్తగా పెడుతూ ఒక అడుగు వెనకబడింది, ఆ సందులోంచి తనూజ దూరి బాస్కెట్ వేసింది. ఆధిక్యం కరిగిపోతుంటే బయట జనం కేకలు పెరిగాయి. అనురాగ్ టైమ్ అవుట్ తీసుకుని ట్యాబ్లెట్ చూపించాడు. పిల్లలు దాన్ని చూస్తున్నారు గాని వాళ్ళకు ఏమీ కనబడటం లేదని అంత దూరం నుంచి కూడా పద్మకుమారికి తెలుస్తూనే ఉంది.

ఆట మళ్ళీ మొదలైంది. ఇద్దరి మధ్య ఇరుక్కుపోయి, ఊపిరి అందక, బిందుప్రియ గొంతెత్తి అరిచింది.

"చారు!"

అప్పటికే తనూజ ఎడమవైపు నిలబడి ఉంది. బంతి నేరుగా ఆమె చేతుల్లో పడింది.

ఆ తర్వాత అన్నీ వరసగా వచ్చాయి. బిందుప్రియ "ఇంగువ" అంటే రింగు కింద ముగ్గురు చేతులెత్తి ఉన్నారు. "పెసరట్టు" అంటే తిరగబోయిన వైపే ఒక పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుచూస్తోంది. పద్మకుమారి ఒళ్ళంతా వెచ్చగా అయిపోయింది. తల్లి కర్మ చేసి వచ్చిన రోజు సాయంత్రం నుంచీ గుండెలో గడ్డకట్టినదేదో కరిగి నరాల్లోకి పాకుతున్నట్టుంది. సోఫాలో అధ్యక్షుడు నారాయణమూర్తి చెవిలో ఏదో అన్నాడు. నారాయణమూర్తి జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆమె ఆ రుమాలును తనివితీరా చూసింది.

బంతి బయటికి పోయి ఆట ఆగినప్పుడు బిందుప్రియ కదలకుండా నిలబడిపోయింది. తనూజ వైపు చూసింది. తర్వాత కోర్టుకు అడ్డంగా అవతలి బెంచీ వైపు చూసింది. ఆ పిల్లకు అప్పుడే అర్థమైంది.

ఆ తర్వాత ఆట ముగిసేదాకా ఆమె నోరు విప్పలేదు. అంకె చెప్పలేదు, మాట చెప్పలేదు. పెదాలు బిగించి ఒక్కతే పరుగెత్తింది. మిగతా నలుగురూ ఆమె మొహంలోకి చూసి ఊహించుకుంటూ ఆడారు. ఓడిపోయారు.

ఆదిత్యపూర్ పిల్లలు పద్మకుమారిని ఎత్తుకుని తిప్పారు. కిందికి దించాక చూస్తే బిందుప్రియ ఎదురుగా ఉంది. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"ఆ రోజు మీ ఇంటికొస్తే మీరే ఆడమన్నారు. ఇసీ లియే? ఇందుకేనా?"

పద్మకుమారి నోరు తెరిచింది. ఇంతలో పేపరు ఫోటోగ్రాఫరు "మేడమ్, ఇధర్" అని పిలిచాడు. ఆమె అటు తిరిగింది. మళ్ళీ ఇటు చూసేసరికి ఆ పిల్ల లేదు.

మర్నాటి నుంచి కళాశాలలో గొడవ మొదలైంది. ఇరవై ఏళ్ళ కోచ్‌ను తల్లి పోయిన వారంలో తీసేసి కార్యదర్శి తన భార్య మేనల్లుణ్ణి పెట్టుకున్నాడని పాత విద్యార్థినులు ఆఫీసు ముందు కూర్చున్నారు. తల్లిదండ్రులు వచ్చారు. అధ్యక్షుడు నారాయణమూర్తిని పిలిచి, మీరు పెట్టిన చిచ్చు మీరే ఆర్పండి అన్నాడు.

అలా ఆయన పర్సుడీహ్ వచ్చాడు. కారు సందులోకి పట్టదు. కూరగాయల బజారు పక్కన దిగి, బురదలో నడిచి వచ్చాడు. ప్యాంటు అంచులు తడిశాయి. పద్మకుమారి ప్లాస్టిక్ కుర్చీ చూపించింది. భీమారావు కాఫీకి లేవబోతే కంటితోనే ఆపింది.

"పొరపాటు జరిగింది" అన్నాడాయన. "మీరు మళ్ళీ రావాలి. కమిటీ కోరుతోంది."

"కమిటీ కోరతన్నాదా, మీరు కోరతన్నారా?"

ఆయన తడిసిన ప్యాంటు అంచు దులుపుకుని, "నేనే" అన్నాడు.

"అయితే ఆ మాట నాకు కాదు. కోర్టులో పిల్లల ముందు సెప్పండి. నన్ను ఎందుకు తీసీసినారో, ఎప్పుడు తీసీసినారో అదీ సెప్పండి. బూట్లు బైట విప్పి రండి."

ఆయన మొహం ఎర్రబడింది. కాని తలూపాడు.

ఆయన వెళ్ళాక భీమారావు అడిగాడు. "ఏటి, మళ్ళీ ఎల్తావా?"

"ఎల్లను. ఆయన సెప్పినంతా ఇని, అందరూ ఉండగా 'నాకక్కర్లేదు' అని వచ్చీస్తాను." ఆ రాత్రి ఆమె ఆ ఒక్క మాటనే రకరకాలుగా అనుకుని చూసుకుంది. మెల్లగా అంటే బాగుంటుందని తేల్చుకుంది.

మర్నాడు సాయంత్రం కోర్టు అంచున పిల్లలు వరసగా నిలబడ్డారు. అనురాగ్ ఒక పక్కన బ్యాగు సర్దుకుని ఉన్నాడు. నారాయణమూర్తి మేజోళ్ళతో కోర్టు మధ్యకు వచ్చాడు. ఆమె ఊళ్ళో లేనప్పుడు తీసేశామని, పంతానికి పోయానని, తప్పు తనదేనని చెప్పాడు. మధ్యలో రెండుసార్లు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. పద్మకుమారి ఒక్క అక్షరం కూడా పోనివ్వకుండా విన్నది. ఇంతకంటే తియ్యటి మాటలు ఆమె జీవితంలో వినలేదు.

"కాబట్టి పద్మగారు మళ్ళీ మన కోచ్‌గా..." అని ఆయన ముగించబోతుండగా బిందుప్రియ ముందుకొచ్చింది.

"సర్, మాకు వద్దు."

అనురాగ్ తలెత్తి చూశాడు.

"మాకు మేడమ్ వద్దు" అంది మళ్ళీ. ఈసారి హిందీ కలవలేదు. "అనురాగ్ సర్ ఉండనీండి. ఆయన ఓడిపోయారు, అంతే. మేడమ్ మమ్మల్ని ఓడించారు."

స్మిత వచ్చి ఆమె పక్కన నిలబడింది. తర్వాత ఒక్కొక్కరే అందరూ వచ్చి నిలబడ్డారు.

పద్మకుమారి దాచుకున్న మాట నాలుక మీదే ఉంది. నాకక్కర్లేదు అనాలి. కాని ఇప్పుడు అంటే ఎవరు నమ్ముతారు? వద్దన్నాక నేనే వద్దనుకున్నా అని చెప్పుకునే మనిషిలా ఉంటుంది. ఆమె గొంతులోనే మింగేసింది. వెనక్కు తిరిగి నడిచింది.

గేటు దగ్గరికి నారాయణమూర్తి మేజోళ్ళతోనే వచ్చాడు. ఆయన నవ్వుతాడనుకుంది. నవ్వితే తిట్టడానికి సిద్ధపడింది కూడా.

"ఆటో పిలవమంటారా అమ్మా?" అన్నాడాయన జాలిగా.

ఇంటికి రాగానే భీమారావు ఆత్రంగా అడిగాడు. "సెప్పీసినావా, రానని?"

"లేదు."

"అదేటి?"

"అవసరం పడలేదు."

ఆయన ఇంకేమీ అడగకుండా అన్నం వడ్డించాడు. ఆమె తిన్నది.

విద్యాసంవత్సరం ముగిసేసరికి నారాయణమూర్తి కార్యదర్శి పదవి వదులుకున్నాడు. అనురాగ్ ఉండిపోయాడు. ఆదిత్యపూర్ వాళ్ళు కోర్టు బాగుచేయించి రింగులకు వలలు కట్టించారు. మూర్తి పదవి పోయిందన్న కబురు భీమారావే తెచ్చాడు. పద్మకుమారి సంతోషించింది. సంతోషించలేదని చెప్తే అబద్ధమే. ఆ సాయంత్రం ఇద్దరూ సాక్చి వెళ్ళి మిఠాయి కొనుక్కున్నారు. తిరిగి వస్తుంటే ఆటోవాడు దగ్గరి దారని కళాశాల ముందు నుంచి పోబోయాడు. అది ప్రాక్టీసు వేళ. పద్మకుమారి అతని భుజం తట్టి, వేరే రోడ్డున పొమ్మంది.